నాసిక్ వైనరీల బాట: వైన్ రుచి ఎరుగని వారి కోసం ఒక సమీక్ష

షిర్డీ దర్శనం చేసుకుని, అక్కడి నుంచి పంచవటికీ త్ర్యంబకేశ్వరానికీ వెళ్లివచ్చే తెలుగు యాత్రికులకు నాసిక్ కొత్త ఊరేమీ కాదు. గోదావరి పుట్టిన కొండలకు మరీ దూరం కాకుండా, గంగాపూర్ జలాశయం ఒడ్డునా, దిండోరి, ఇగత్‌పురి ప్రాంతాలలోనూ పరుచుకున్న వైన్ ద్రాక్షతోటలను చూడడానికి ఒక రోజు కేటాయించేవారు మాత్రం నాకు అరుదుగానే కనిపించారు. వైన్ గురించి ఏమీ తెలియని వ్యక్తి అక్కడికి వెళితే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా అని అడిగితే, ఉంటుందనే చెబుతాను. అయితే ఎక్కువ వైనరీలు (వైన్ తయారీ కేంద్రాలు) చుట్టబెట్టాలన్న ఆశను వదులుకోవాలి, గ్లాసు పట్టుకునే ముందు తయారీని చూడాలి.

ఈ బాట ఒకే టికెట్టుతో తిప్పి చూపించే యాత్ర కాదు. ప్రతి వైనరీ తన సందర్శననూ, రుచి చూపించే కార్యక్రమాన్నీ విడివిడిగా నిర్వహిస్తుంది కాబట్టి దారిని మనమే కూర్చుకోవాలి. రాజీవ్ సామంత్ స్థాపించిన సులా వైన్‌యార్డ్స్ అన్నింటిలో పెద్దది; అక్కడి టేస్టింగ్ రూమ్ (రుచి చూపించే గది) 2005లో తెరిచారు. దానికి దగ్గరలోనే, జలాశయాన్ని చూస్తూ కూర్చునే వీలున్న యార్క్ వైనరీ ఉంది. 2006లో ఒక కుటుంబ సంస్థగా మొదలైన యార్క్‌ను 2021లో సులా కొనుగోలు చేసింది. సోమా వైన్ విలేజ్ కూడా గంగాపూర్ వైపే ఉంది. మెరిసే వైన్లు (బుడగలు పొంగే స్పార్క్లింగ్ రకాలు) చేసే షాందాన్ దిండోరిలోనూ, వలోన్, గ్రోవర్ జంపా ఇగత్‌పురి వైపునా ఉన్నాయి. ఈ దిక్కులన్నింటినీ ఒకే రోజులో కలపాలనుకుంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. గంగాపూర్ వైపు రెండు చోట్లు చూస్తే కొత్తవారికి చాలు; వాటిలోనూ చిన్నదానికి ముందు వెళ్లాలని నా సలహా.

చిన్నదానితో మొదలుపెట్టమనడానికి కారణం అక్కడ ప్రశ్నలకు సమాధానం దొరకడమే. పది మందిలోపు బృందంతో తోటలోకి తీసుకువెళ్లినప్పుడు, తినే ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ తేడా ఏమిటో గైడు కాయ కోసి చూపించగలిగాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ కాయ పెద్దది, తీగ పైనంతా పందిరిలా అల్లుకునేది. ఇక్కడి షిరాజ్, కాబెర్నే సోవిన్యోన్ కాయలు చిన్నవి, తొక్క మందం, తీగలను వరుసలుగా కట్టిన లోహపు కమ్మీల వెంట నిలువుగా పాకిస్తారు. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ప్రధానంగా తొక్క నుంచే వస్తాయి కాబట్టి ఆ చిన్న కాయే అక్కడ విలువైనది. ఐరోపాలో చలికి తీగ నిద్రపోతుంది, ఇక్కడ అలా జరగదు. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు వెనుదిరిగే వేళ మరొకసారి కత్తిరించి, పంటను చలికాలం చివరికి తెస్తారు. పగటి ఎండకు తీపి పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది.

ట్యాంకుల గది ఈ పర్యటనలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. తెల్ల వైన్ కోసం ద్రాక్షను వెంటనే పిండి, రసాన్ని మాత్రమే చల్లని స్టీలు ట్యాంకుల్లో నెమ్మదిగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కతో సహా పులియబెడతారు. పైకి తేలి గట్టిపడే తొక్కల మీదికి అడుగునున్న రసాన్ని పంపుతో మళ్లీమళ్లీ పోస్తారు. కొన్ని రకాలను ఆ తరువాత 225 లీటర్ల ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. మెరిసే వైన్‌కైతే సీసాలోనే రెండోసారి పులిసేలా చేస్తారు. లోపలి పీడనం తట్టుకోవడానికే ఆ సీసా అంత బరువుగా ఉంటుంది. ఇవన్నీ కళ్లతో చూశాక రుచి చూసిన వైన్‌కూ, ఏమీ చూడకుండా పార్టీలో తాగిన వైన్‌కూ నాకు పోలికే కనిపించలేదు.

టేస్టింగ్‌లో నాలుగైదు రకాలను ఒక్కొక్కటి రెండు మూడు గుక్కల చొప్పున పోస్తారు. వరుస సాధారణంగా మెరిసే వైన్‌తో మొదలై, తెల్లవి, గులాబీ రంగులో ఉండే రోజే, ఎర్రవి దాటి తీపి వైన్‌తో ముగుస్తుంది. ఈ క్రమాన్ని మార్చమని అడగవద్దు, ఎందుకంటే బరువైన ఎర్రదాని తరువాత తెల్ల వైన్ నీళ్లలా తోస్తుంది. కొత్తవారికి మొదట నచ్చేది దాదాపుగా షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైనే, అందులోని కొద్దిపాటి తీపి నాలుకను భయపెట్టదు. మరో తెల్ల రకం సోవిన్యోన్ బ్లాంక్ పచ్చి జామకాయ, కోసిన గడ్డి వాసనలను గుర్తుకు తెస్తుంది. ఓక్‌లో నిలవబెట్టిన షిరాజ్ మొదటి గుక్కకు చిగుళ్లను పట్టేసింది. ఆ వగరు వైన్ చెడిపోయిందనడానికి గుర్తు కాదనీ, అది తొక్కలోని టానిన్ అనే వగరు పదార్థం వల్ల వస్తుందనీ ముందే విని ఉండడంతో రెండో గుక్కకు దాని వెనుకనున్న మిరియపు ఘాటు తెలిసింది. రుచి చూసిన వైన్‌ను ఉమ్మడానికి బల్ల మీద పెట్టే పాత్రను వాడడానికి మనవాళ్లు మొహమాటపడతారు. నిజానికి అది మన పాత ఇళ్లలోని తమ్మపడిగ లాంటిదే, దాన్ని వాడితే ఎవరూ ఏమీ అనుకోరు.

లోపాలూ ఉన్నాయి. శని, ఆదివారాల్లో పేరున్న చోట్ల రద్దీ విపరీతం. ముంబయి, పుణె నుంచి వచ్చేవారికి అది విహారస్థలం, నేర్చుకునే స్థలం కాదు. ఒక వైనరీలో మా బృందం ఎంత పెద్దదంటే వెనుక నిలబడినవారికి గైడు మాట వినపడనేలేదు. వివరణను బట్టీపట్టిన పాఠంలా అప్పజెప్పి, వరుసలోని చివరి రెండు వైన్లను ఏ మాటా లేకుండా పోసి పంపించారు. మరో చోట తెల్ల వైన్ చల్లగా లేదు, అడిగితే మార్చారు కానీ అడగవలసి రావడమే నాకు నచ్చలేదు. పనిదినాన, ఉదయపు మొదటి విడతకు ముందుగా చెప్పి వెళితే ఈ ఇబ్బందులు చాలావరకు తప్పుతాయి.

భోజనం విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మన నాలుక కారాన్ని కోరుకుంటుంది, కానీ టానిన్ ఎక్కువగా ఉన్న ఎర్ర వైన్ మిరప మంటను ఇంకా రాజేస్తుంది. కారపు వంటకం తెప్పించుకుంటే పక్కన కొంచెం తీపి ఉన్న షెనిన్‌నో, మెరిసే వైన్‌నో ఉంచుకోండి. టేస్టింగ్‌కు ముందు ఏదైనా తిని ఉండడం కూడా అవసరమే.

వెళ్లడానికి సరైన కాలం జనవరి నుంచి మార్చి వరకు, అప్పుడే కోతా, పిండడమూ కంటబడతాయి. వానాకాలంలో కొండలు పచ్చగా చూడముచ్చటగా ఉంటాయి గాని తీగ మీద కాయ ఉండదు. జనవరి 26, అక్టోబరు 2 వంటి డ్రై డేలలో (మద్యం అమ్మకం నిషేధించిన రోజుల్లో) వైన్ పోయరు. మహారాష్ట్రలో వైన్ తాగడానికి 21 ఏళ్లు నిండాలి. ఎంత తక్కువ తాగినా స్టీరింగ్ పట్టుకోకూడదు కనుక రోజంతటికీ కారును డ్రైవరుతో సహా మాట్లాడుకోవాలి, దూరపు వైనరీల దగ్గర తిరుగు బండి దొరుకుతుందని నమ్ముకోవద్దు. సికింద్రాబాద్ నుంచి వచ్చేవారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ మీదుగానే వెళుతుంది.

వైనరీ దుకాణంలో సీసాలు చూసి చేయి ఆగదు. కానీ రాష్ట్రం దాటించే మద్యానికి ఎక్సైజ్ నిబంధనలు ఉంటాయి, వైన్ వాటికి మినహాయింపు కాదు. మీ రాష్ట్రంలో ఏది అనుమతిస్తారో తెలుసుకున్నాకే కొనండి. కొన్నదాన్ని మన ఎండల్లో కారు డిక్కీలో వదిలేస్తే వైన్ పాడవుతుంది. మరమూత (తిప్పి తీసే మూత) సీసాను నిలబెట్టి ఉంచినా ఫరవాలేదు, కార్కు బిరడా ఉన్నదాన్ని మాత్రం పడుకోబెట్టి చల్లని చీకటి చోట దాచాలి.