బాగియో సెమినరీ అతిథి గృహంలో ఆరు వారాలు

ఫిలిప్పీన్స్‌లో మనీలాకు ఉత్తరంగా సుమారు 250 కిలోమీటర్ల దూరాన, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున కొండల మీద ఉన్న బాగియో నగరంలోని ఒక సెమినరీ (పాస్టర్లకు శిక్షణ ఇచ్చే క్రైస్తవ వేదాంత కళాశాల) పిలుపు మీద వెళ్ళి, జూలై, ఆగస్టు నెలల్లో ఆరు వారాల పాటు అక్కడి విద్యార్థులకు బైబిలు పాత నిబంధనలోని ప్రవక్తల గ్రంథాలు బోధించి వచ్చాను. ఆ ఆరు వారాలూ నేను ఉన్న అతిథి గృహం గురించి రాస్తే, మన వైపు నుంచి ఇలాంటి పని మీద వెళ్ళే అధ్యాపకులకు, పాస్టర్లకు పనికివస్తుందని నా ఉద్దేశం. లోపాలు కూడా చెప్పవలసి ఉంది గనుక సంస్థ పేరు రాయడం లేదు.

గది చిన్నదే. మంచం, బీరువా, కిటికీ కింద వెడల్పాటి చెక్కబల్ల, అంతే. ఉదయం ఎనిమిదింటికి మొదలై మూడు గంటలు సాగే తరగతికి ముందు రోజు సాయంత్రమంతా కూర్చుని చదువుకోవలసిన మనిషికి అన్నిటికంటే ముఖ్యం ఆ బల్ల. హీబ్రూ బైబిలు, నిఘంటువు, దిద్దవలసిన వ్యాసాలు ఒకేసారి పరచుకున్నా ఇంకా చోటు మిగిలేది. గ్రంథాలయం ఆవరణలోనే ఉండడం వల్ల ఏదైనా సందేహం వస్తే రాత్రి తొమ్మిదింటికి కూడా వెళ్ళి చూసుకుని రాగలిగాను. ఊళ్ళో హోటలు గది ఎంత మంచిదైనా ఈ సౌకర్యం ఇవ్వలేదు.

అసలు ఇబ్బంది తేమతో వచ్చింది. 1911 జూలైలో బాగియోలో ఒక్క రోజు వ్యవధిలో 1,168 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మా అనంతపురంలో ఏడాది పొడవునా కురిసేదానికి అది సుమారు రెండింతలు. అంత కాకపోయినా, జూలైలో అక్కడ రోజుల తరబడి ఎండ కనబడదు. నా గది కిటికీ చట్రం వదులుగా ఉండి జల్లు లోపలికి కొట్టేది, ఉతికిన చొక్కా నాలుగు రోజులైనా ఆరేది కాదు, పన్నెండో రోజున నిఘంటువు అట్ట మీద తెల్లని బూజు కనిపించింది. ఇరవై ఏళ్ళుగా నా చేతిలో ఉన్న పుస్తకం అది, నిజంగా బాధ కలిగింది. కార్యాలయంలో రెండుసార్లు చెప్పినా కిటికీ బాగుచేయలేదు. గృహం చూసుకునే పెద్దావిడ మాత్రం ఆ పూటే వచ్చి, అట్టను పొడిగుడ్డతో తుడిచి, పుస్తకాలు, బూట్లు బీరువాలో సర్దించి, లోపల చిన్న బల్బు ఒకటి వేలాడదీసి వెలిగించి ఉంచారు. మళ్ళీ బూజు పట్టలేదు. ఈ ఏర్పాటు ప్రతి గదిలో ముందే ఉండాలి.

నీళ్ళు ఆ ఊళ్ళో వంతుల ప్రకారం వస్తాయి. స్నానాల గదిలో నిండు డ్రమ్ము, దాని మీద 'టాబో' అనే పిడి ఉన్న ప్లాస్టిక్ చెంబు ఉంటాయి, కాబట్టి మనకు కొత్తగా ఏమీ అనిపించదు. అయితే వేడి నీళ్ళు వంటగదిలో కాచుకుని మోసుకురావలసిందే, ఆ చలిలో అరవై దాటినవారికి అది కష్టం.

భోజనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడివారు మూడు పూటలా అన్నమే తింటారు. అల్లం, బెంగళూరు వంకాయ ముక్కలు వేసి కాచిన కోడి చారులో చివరగా మునగాకు దూసి వేస్తారు, దాన్ని తినోలా అంటారు. మొదటి రోజు గిన్నె మూత తీయగానే తెలిసిన ఆ వాసనకు ఇంటికి వచ్చినట్టయింది. చింతపండుతో చేసే సినిగాంగ్ మన పులుసుకు దగ్గరి చుట్టం, కారం మాత్రం ఉండదు. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే కూరగాయల వంటకాల్లో కూడా చేపల రసమో రొయ్యల ముద్దో కలపడం అక్కడి అలవాటు. అడిగితే విడిగా వండిపెట్టారు. అతిథుల వంటగదిలో రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్ ఉంది; శనివారం నేను చేసిన చింతపండు పులిహోరను పక్క గదిలోని మయన్మార్ అధ్యాపకుడు రెండుసార్లు వడ్డించుకున్నారు.

మనుషుల విషయంలో ఈ గృహానికి వంక పెట్టలేను. మనం 'అండీ' అన్నట్టు తగలోగ్ మాట్లాడేవారు మాట చివర 'పో' చేరుస్తారు; ఆ కొండల్లో ఎక్కువగా వినిపించే ఇలోకానోలో పెద్దలను 'అపో' అంటారు. గృహం చూసుకునే పెద్దావిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి ఇలోకానో మాట 'డియోస్ టి అగ్‌న్గినా'. దేవుడు దీనికి ప్రతిఫలమిస్తాడనే అర్థంతో వారు చెప్పే కృతజ్ఞత అది. బల్బు వెలిగించిన సాయంత్రం దాన్ని ఆవిడకే తిరిగి చెప్పాను.

వెళ్ళేవారు అక్కడి చదునైన పిన్నుల సాకెట్లకు సరిపడే అడాప్టరు, ఉన్ని స్వెటరు, కందిపొడి తీసుకువెళ్ళండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, పైగా గృహంలో రాత్రి పది తర్వాత మాటలు వినబడకూడదన్న నియమం ఉంది, కాబట్టి ఇంటివారితో మాట్లాడే వేళ ముందే కుదుర్చుకోండి. మళ్ళీ రమ్మన్నారు, వానలు ఉండని జనవరిలో అయితే వస్తానని, అదే గది ఇవ్వమని, ఈలోగా కిటికీ బాగుచేయించమని రాసిపంపాను.