చెవితో చదివే విజ్ఞాన సర్వస్వం: నాలుగేళ్ల వాడకం తరువాత

వికీపీడియా వ్యాసాలను చదవడానికి బదులు వింటూ లోకజ్ఞానం పెంచుకోవడం సాధ్యమేనా అని అడిగేవారికి నేను ఇచ్చే జవాబు ఒక్కటే: అది వినేవారి శ్రద్ధ మీద కన్నా వ్యాసపు అల్లిక మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. విజయవాడలో కాపురం, గుంటూరులో ఉద్యోగం కావడం వలన రోజుకు సుమారు రెండు గంటలు నాకు నాన్‌స్టాప్ బస్సులోనే గడుస్తాయి. దాదాపు నాలుగేళ్లుగా ఆ సమయంలో ఎక్కువ భాగాన్ని ఈ శ్రవణానికే వినియోగిస్తున్నాను. ఒక సంగతి వెనుక మరొక సంగతి నడుస్తూ పోయే వ్యాసం చెవిలో నిలుస్తుంది. కిరాణా పట్టీలా వరుసగా వివరాలు పేర్చిన వ్యాసం ఎంత విలువైనదైనా నిలవదు.

వినడానికి మార్గాలు రెండు ఉన్నాయి. మొదటిది, స్వచ్ఛంద సేవకులు తమ గొంతుతో చదివి రికార్డు చేసి పెట్టిన వ్యాసాలు. ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసాల సంఖ్య 2020 జనవరిలోనే 60 లక్షలు దాటినా, వాటిలో ఇలా మనిషి గొంతుతో దొరికేవి చాలా కొద్ది. దొరికిన వాటిలో బాగా చదివినవి వింటే మాత్రం యంత్రం గొంతు మీద మనసు పోదు. పట్టికను ఎక్కడ విడిచిపెట్టాలో, బొమ్మ కింది వాక్యాన్ని ఎక్కడ కలుపుకోవాలో, ఏ పేరు దగ్గర ఒక క్షణం ఆగాలో చదివేవారికి తెలిసి ఉంటుంది. దీనికున్న ఇబ్బంది కాలం. వ్యాసాన్ని ఆ తరువాత ఎందరు ఎన్నిసార్లు మార్చినా, రికార్డు మాత్రం చదివిన నాటి కూర్పు దగ్గరే ఆగిపోతుంది. 2006 ఆగస్టుకు ముందు చదివిన సౌరకుటుంబ వ్యాసం ఏదైనా దొరికితే, అందులో ప్లూటో ఇంకా గ్రహమే. ఏ తేదీ నాటి కూర్పును చదివారో పక్కనే రాసి ఉంటుంది కనుక, విజ్ఞాన శాస్త్ర విషయాలకు ఆ తేదీని చూసుకుని, చరిత్రకు పెద్దగా పట్టించుకోకుండా వినడం నాకు అలవాటయింది.

రెండో మార్గం ఫోనులోనో బ్రౌజరులోనో ఉండే, పాఠాన్ని బయటికి చదివి వినిపించే సదుపాయం. నేను వినేదానిలో అధిక భాగం ఇదే. ఏ వ్యాసమైనా, తెలుగుదైనా ఇంగ్లీషుదైనా, నేటి కూర్పునే వినిపిస్తుంది. కంటిచూపు లేనివారు స్క్రీన్ రీడర్ల సాయంతో ఎంతోకాలంగా చేస్తున్న పనినే చూపున్న మనం ఇప్పుడు ఒక సౌకర్యంగా కనిపెట్టుకున్నామని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వారు వినే వేగాన్ని ఒకసారి గమనించినవారికి, తమ శ్రవణశక్తి మీద ఉన్న గర్వం కాస్త తగ్గుతుంది.

అల్లిక అని నేను అంటున్నది ఏమిటో కృష్ణానది వ్యాసంతో చెబుతాను. నది ఒక దారి; వ్యాసమూ ఆ దారినే నడుస్తుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటకలు దాటుతూ భీమను కలుపుకుని, ఆ తరువాత తుంగభద్రను కలుపుకుని, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల మీదుగా విజయవాడకు చేరి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే క్రమాన్ని ఒకసారి విన్న తరువాత నేను మరచిపోలేదు. చిన్నప్పుడు ఇదే సమాచారాన్ని పటం చూసి బట్టీ పట్టినప్పుడు భీమ ముందో తుంగభద్ర ముందో ప్రతిసారీ తడుముకోవలసి వచ్చేది. అక్కడి నుంచి కాలంలో నడిచే వ్యాసాలకు మళ్లాను. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన నందన కరువు, అటువంటి కరువుల నేపథ్యంలో ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట, దాని వెంటనే 1852లో బెజవాడ దగ్గర మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, ఆ ఆనకట్టకు 1952 వరదల్లో పడిన గండి, దాని స్థానంలో 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజీ: ఇవి వేరువేరు వ్యాసాల్లో ఉన్న సంగతులే అయినా, వరుసగా వింటే ఒకే కథగా కూడుకుంటాయి. బస్సు కనకదుర్గ వారధి ఎక్కినప్పుడు పడమటి వైపు కనిపించే ఆ బ్యారేజీ నాకు నూట పాతికేళ్ల చరిత్రకు చివరి వాక్యంలా అనిపించడం మొదలైంది. ఇక్కడ ఏడాదులు కూడా గుర్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. గుర్తున్నాయి, ఎందుకంటే ఒక్కొక్క ఏడాదీ దాని ముందరి దానికి ఫలితం.

ఒకే వ్యాసంలో సగం నిలిచి సగం జారిపోవడం కూడా ఉంది. గుంటూరు మిర్చి యార్డు ఘాటు పీల్చినవాళ్లెవరైనా వినదగిన విషయం మిరపకాయ. అమెరికా ఖండాల్లో సాగయిన పంట కొలంబస్ తరువాతి కాలంలో ఐరోపాకు చేరడం, పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి రావడం, పక్షులకు ఆ కారం తెలియదు కనుక అవి కాయలు తిని గింజలను దూరదూరాలకు చేర్చడం, కారాన్ని నాలుక రుచిగా కాక వేడిగా గ్రహించడం, ఆ వేడిని పసిగట్టే గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కడం ఇవన్నీ ఒక్క వినికిడితో మనసుకెక్కాయి. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీటిలో పలుచన చేస్తూ, రుచి చూసేవారికి కారం తెలియకుండా పోయే దాకా కొలిచిన పద్ధతి కూడా కథే కనుక నిలిచింది. అయితే ఏ రకానికి ఎన్ని స్కోవిల్ యూనిట్లో చెప్పే భాగం ఎన్నిసార్లు విన్నా నిలవలేదు. కారానికి మూలమైన కాప్సైసిన్ రసాయన సంకేతాన్ని యంత్రం అక్షరం అక్షరంగా, అంకె అంకెగా వల్లించినప్పుడు అది సూత్రమో ఫోన్ నంబరో తెలియలేదు. అటువంటి వాటికి కన్నే కావాలి.

తెలుగు వికీపీడియాలోని గ్రామాల వ్యాసాలు ఈ కోణంలో చెవికి అతి కఠినమైనవి. 2011 జనగణన ఆధారంగా ఇళ్ల సంఖ్య, జనాభా, స్త్రీలు ఎందరు, పురుషులు ఎందరు, విస్తీర్ణం ఎన్ని హెక్టార్లు, పిన్ కోడ్ ఎంత, సమీప కళాశాల ఎక్కడ, భూమి వినియోగం ఎలా అని వరుసగా చెప్పుకుంటూ పోతాయి. ఒక ఊరి వివరం వెతుక్కునేవారికి అవి ఎంతో ఉపయోగం. ఆ శ్రమ చేసినవారి మీద నాకు గౌరవమే. కానీ మా తాతగారి ఊరి వ్యాసాన్ని ఇష్టంగా మొదలుపెట్టి, దారిలోని పెదకాకాని చేరే లోపల నిద్రపోయాను.

తెలుగు యంత్ర స్వరం గురించి విడిగా చెప్పాలి. మామూలు వాక్యాన్ని అది ఇప్పుడు వినదగినంత సహజంగా పలుకుతున్నది. సంధి కలిసిన పొడుగాటి మాటలను కూడా చాలావరకు నిలబెట్టి చదువుతున్నది. తడబడేది పొడి అక్షరాల దగ్గర. క్రీ.శ., కి.మీ., డా. వంటివి వచ్చినప్పుడు చుక్క దగ్గర వాక్యం ముగిసిందనుకుని ఊపిరి తీసుకుంటుంది. ఏడాదులను మనం పద్దెనిమిది వందల యాభై అయిదు అంటాము. యంత్రం ఒక వెయ్యి ఎనిమిది వందల అని లెక్కల మాస్టారిలా మొదలుపెడుతుంది. మూలాలను సూచించే చిన్న అంకెలను వాక్యం మధ్యలో చదవడం మరొక బాధ, ముఖ్యంగా అవి ఏదైనా సంఖ్య పక్కనే ఉన్నప్పుడు. వేగం విషయానికి వస్తే, ఇంగ్లీషును నేను ఒకటింబావు వేగంతో హాయిగా వింటాను కానీ తెలుగును మామూలు వేగం దాటించలేను; మన భాషలో విభక్తి మాట చివరన, క్రియ వాక్యం చివరన వస్తాయి కనుక, అర్థం తేలే చోటే అక్షరాలు దొర్లిపోతాయి. ఇంగ్లీషు స్వరం మన ఊళ్ల పేర్లను పలికే తీరు గురించి చెప్పకపోవడమే మర్యాద.

ఊహించని లాభం ఒకటి ఇంగ్లీషు వ్యాసాల నిర్మాణంలో దొరికింది. మొదట నాలుగు పేరాల్లో వ్యాస సారాంశం ఉంటుంది, తరువాత అదే విషయం విస్తారంగా మళ్లీ వస్తుంది. కంటితో చదివేటప్పుడు ఈ పునరుక్తి విసుగు. చాలామంది సారాంశంతోనే ఆపేస్తారు. చెవికి మాత్రం అదే ఆధారం. 1883 నాటి ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వత విస్ఫోటం గురించి విన్నప్పుడు, ఆ శబ్దం సుమారు 4,800 కిలోమీటర్ల దూరాన హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో వినిపించిందన్న సంగతి మొదటిసారి ఆశ్చర్యంగా దాటిపోయి, వివరంగా మళ్లీ వచ్చినప్పుడు స్థిరపడింది. ఇంటికి చేరాక పటం తెరిచి ఆ రెండు చోట్లనూ చూస్తే పని పూర్తవుతుంది. పటం చూడని భూగోళం వినికిడితో ఎప్పటికీ సగమే వస్తుంది. కనుక రాత్రి పది నిమిషాలు దీనికి తప్పనిసరిగా కేటాయించాలి. బస్సులో రెండో వ్యాసం మొదలుపెట్టకపోవడం కూడా మంచిది. మిగిలిన దారిలో విన్నదాన్ని మనసులో మళ్లీ చెప్పుకోగలిగితేనే అది వారం తరువాత ఉంటుంది.

తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు మన పెనుగంచిప్రోలులోనే పుట్టారు. అకారాది క్రమంలో సంపుటాలు వెలువరిస్తూ, అకారం దాటకముందే 1923లో కన్నుమూశారు. అచ్చు పుస్తకానికి ఆ క్రమం తప్పదు. శ్రోతకు అది పనికిరాదు. శ్రోత తన క్రమాన్ని తానే కట్టుకోవాలి. మలేరియా వ్యాసం నుంచి రోనాల్డ్ రాస్‌కు, 1897లో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సికింద్రాబాదుకు, అక్కడి నుంచి కంటోన్మెంటు చరిత్రకు వెళ్లే దారి ఏ సూచికలోనూ ఉండదు. ముందు రోజు రాత్రే మూడు నాలుగు వ్యాసాలను ఇలా వరుస పెట్టుకోవడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

గ్రూప్-2కు చదువుతున్న మా మేనల్లుడు దీన్ని ఒప్పుకోడు. “మావయ్యా, పరీక్షలో కథ అడగరు, బిట్టు అడుగుతారు” అన్నాడు. పరీక్ష వరకు వాడి మాట నిజమే: ఏ కమిటీ ఏ ఏడాది, ఏ అధికరణం దేనికి, ఏ అవార్డు ఎవరికి అన్నవి వింటే వచ్చేవి కావు. అయినా ఆధునికాంధ్ర చరిత్ర వరకు నా వరుసలో కొన్నిటిని వాడికి ఇచ్చాను. ఆనకట్టల భాగం విన్నాక సంవత్సరాలు చూడకుండా చెప్పగలుగుతున్నానని తానే అన్నాడు. పాలిటీ మాత్రం చెవితో ముట్టుకోనన్నాడు, నేనూ పట్టుబట్టలేదు.