సూది పోటా, గుజ్జు పోతా?

అలీగఢ్‌లో పుట్టి, గణితం చదివి, చివరిదాకా కాగితాన్నే నమ్ముకున్న కళాకారిణి జరీనా హష్మీ (1937–2020). ఆమె పద్ధతుల్లో రెండింటిని విజయనగరంలో మా డాబా మీద నేనూ మా మేనకోడలూ చేసి చూశాం.

1977లో జరీనా రంగూ గీతా లేకుండా, కాగితాన్ని సూదితో గుచ్చి బొమ్మలు చేశారు. దీనికి ఖర్చు దాదాపు లేదు. మందపాటి షీటు, బొంతసూది, కింద మడతపెట్టిన దుప్పటి చాలు. వెనకనుంచి పొడిస్తే ముందువైపు చుక్క ఉబ్బుతుంది. పక్కనుంచి వెలుగు పడితేనే బొమ్మ తెలుస్తుంది. సాయంత్రం కిటికీ దగ్గర పెడితే తెల్ల కాగితం మీద నీడలు లేస్తాయి, అదే దీని అందం. ఒక్క పోటు తప్పితే మాత్రం దిద్దుకోవడం ఉండదు, ఆ టెన్షన్ ఉంటుంది.

గుజ్జు పోత వేరు. 1980ల్లో ఆమె కాగితపు గుజ్జులో రంగు కలిపి అచ్చుల్లో పోశారు. రంగు పైపూతగా కాక కాగితం ఒంట్లోనే ఉంటుంది. మేం ఆశపడి పాత ఖద్దరు పంచె ముక్కలు ఉడికించి మిక్సీలో వేశాం. దారాలు బ్లేడుకి చుట్టుకున్నాయి. "మావయ్యా, అమ్మ చూసిందంటే అయిపోయామే!" అంది పిల్ల. గుడ్డ మానేసి పాత నోటుపుస్తకాల కాగితం నానబెడితే సాఫీగా వచ్చింది. కానీ వానాకాలం కదా, అచ్చులో పోసిన పలక ఆరలేదు, బూజు వాసన పట్టింది.

నా ఓటు సూదికే. మేనకోడలు మాత్రం ఎండాకాలం కోసం అచ్చులు దాచిపెట్టింది.