సర్నేమ్ గడిలో ఇంటిపేరా, తండ్రి పేరా, ఖాళీయా: ఏది మేలు?

పాస్‌పోర్టు దరఖాస్తులో పేరుకు రెండు గడులుంటాయి: గివెన్ నేమ్, సర్నేమ్. తెలుగువాళ్లకు చిక్కంతా ఈ రెండో గడితోనే. కొందరు ఇంటిపేరు రాస్తారు, కొందరు తండ్రి పేరు రాస్తారు, కొందరు ఖాళీగా వదిలేస్తారు. పేరు చివరనున్న రావునో కుమార్‌నో తెచ్చి పెట్టేవాళ్లూ ఉన్నారు. బిడ్డకు మొదటిసారి కాగితాలు చేయిస్తుంటే మాత్రం ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా ఆ గడిలో రాయించడమే మేలు.

ఇంటిపేరు అక్కడ పెడితే వెనక్కి పోతుందని కొందరి బెంగ. ఆ బెంగకు మూలం మన వ్యాకరణంలోనే ఉంది. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే, కాకపోతే విభక్తి పట్టిన రూపంలో ఉంటాయి. కందుకూరు ఊరు, కందుకూరి అంటే ఆ ఊరికి చెందిన అని. టంగుటూరు నుంచి టంగుటూరి, గరికపాడు నుంచి గరికపాటి. ‘ఊరి చెరువు’ అన్నప్పుడు ‘ఊరి’ ముందు వచ్చినట్టే కందుకూరి వీరేశలింగంలో కందుకూరి ముందు వచ్చింది. చింతల, గుర్రం, బండి లాంటి వాటికి ఊరితో పని లేకపోయినా అవీ అదే వరసలో కుదురుకున్నాయి.

ఈ వరస మనదొక్కటే కాదు. హంగరీలోనూ ఇంటిపేరే ముందు. సెగెద్ ఊరివాళ్లు సెగెది, దెబ్రెత్సెన్ వాళ్లు దెబ్రెత్సెని. మన ‘ఊరి’లో ఉన్న ఇకారమే అక్కడా వినిపించడం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది. జపాన్‌లో యమమొతొ అంటే కొండ మొదలు, తనక అంటే వరిమడి నడుమ. అక్కడ సామాన్యులందరికీ ఇంటిపేరు తప్పనిసరి చేసింది 1875లో. ఇంగ్లీషులో రాసేటప్పుడు చాలాకాలం పేరు తిప్పి రాసినా, 2020 జనవరి నుంచి జపాన్ ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలో కూడా ఇంటిపేరే ముందు.

పాస్‌పోర్టు కూడా లోపల మన వరసనే పాటిస్తుంది. ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరసలు చూడండి. మొదటి వరసలో దేశం సంకేతం తర్వాత వచ్చేది సర్నేమే. ఆ తర్వాత రెండు బాణం గుర్తులు, వాటి వెనక సొంత పేరు. విమానం టికెట్టు మీదా అంతే. సర్నేమ్ గడిలో పెట్టిన ఇంటిపేరు అక్కడ ముందే నిలుస్తుంది.

ఆ వరసలో పేరుకు దక్కేవి 39 స్థానాలు. ఇంటిపేరు, రెండు గుర్తులు, సొంత పేరు, మాటల మధ్య ఖాళీలు అన్నీ అందులోనే ఇమడాలి. క్రికెటర్ వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్ పేరునే తీసుకుంటే ఇంగ్లీషులో ఇంటిపేరుకు 11, గుర్తులకు 2, మిగతాదానికి 18, మొత్తం 31. సరిపోయింది. తాత పేరు, ఇలవేల్పు పేరు, జ్యోతిష్యుడు చెప్పిన అక్షరం అన్నీ కలిపి నాలుగైదు మాటల పేరు పెడితే ఆ వరసలో తోక తెగుతుంది. సొంత పేరు రెండు మాటలకు మించకుండా చూసుకోండి.

ఇక తండ్రి పేరు. తమిళనాడులో ఇదే వాడుక: విశ్వనాథన్ ఆనంద్‌లో ఆనంద్ సొంత పేరు, విశ్వనాథన్ ఆయన తండ్రి. ఐస్‌లాండ్‌లో దాదాపు దేశమంతా ఇలాగే నడుస్తుంది. 1980లో అధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ అంటే ఫిన్‌బొగి కూతురు విగ్దిస్. అక్కడ అచ్చు టెలిఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేర్ల వరసలోనే ఉండేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. మనకు మాత్రం ఒకే ఇంట్లో తండ్రి సర్నేమ్ ఒకటి, పిల్లల సర్నేమ్ మరొకటి అవుతుంది. తర్వాతి తరంలో మళ్లీ మారుతుంది. అయినా ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుందని దాన్ని వద్దనుకునేవాళ్లకు ఇదే సరైన దారి. ఆ నిర్ణయాన్ని గౌరవించాలి. ఒక్కటే జాగ్రత్త: తోబుట్టువులందరికీ ఒకేలా రాయించండి. తల్లి పేరు పెట్టుకున్నా ఇదే మాట. స్పెయిన్‌లో తండ్రివైపుది ఒకటి, తల్లివైపుది ఒకటి, రెండు ఇంటిపేర్లూ పిల్లలకు వస్తాయి. ఏది ముందుండాలో తల్లిదండ్రులే తేల్చుకుంటారు.

అన్నిటికన్నా చేటు ఖాళీ గడి. అమెరికా వీసాలో ఒంటిపేరు సర్నేమ్ గడిలోకి వెళ్లి, సొంత పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే వెంటాడుతుంది. యూఏఈ 2022 నవంబరు 21 నుంచి ఒంటిపేరు పాస్‌పోర్టులకు సందర్శక వీసాలు నిరాకరించింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. మన దగ్గరా తికమకే: ఒంటిపేరును పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడిలో రాయాలి, పాన్ దరఖాస్తులో చివరి పేరు గడిలో రాయాలి. ఒకే మనిషి, రెండు గడులు.

రావు, కుమార్‌లను సర్నేమ్ చేయడం ఇంకో పొరపాటు. రాజు, రాయలతో చుట్టరికం ఉన్న ‘రావు’ గౌరవసూచకం, ఇంటిపేరు కాదు. తండ్రికి రావు, కొడుక్కి కుమార్ పడితే ఇద్దరూ వేరే కుటుంబాలవాళ్లలా కనిపిస్తారు.

ఏది ఎంచుకున్నా జనన ధ్రువపత్రం దగ్గరే మొదలుపెట్టండి. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు కావాలి. అప్పటికి పేరు తేలకపోతే నమోదైన 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్చవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి కాబట్టి ఇంటిపేరు ముందు పెట్టి పూర్తిగా రాయించండి. అందులో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు. బడిలో చేర్చేటప్పుడు రిజిస్టరులో పొడి అక్షరం రాస్తారేమో దగ్గరుండి చూసుకోండి. పదో తరగతి మెమోలో అదే అచ్చయితే దిద్దించడానికి తిరగాల్సిన చోట్లు ఎక్కువ. ఇంగ్లీషులో శ్రీ, లక్ష్మి లాంటి మాటలకు రెండు మూడు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. ఒకటి తేల్చుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి, ప్రతి కౌంటరు దగ్గరా అదే చూపించండి.

ఆడపిల్లలకు పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలన్న నియమమేమీ లేదు. చదువు సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతోనే ఉంటాయి కాబట్టి మార్చకుండా ఉంచుకుంటేనే కాగితాలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి.