లారీ కరెంటుకి కాలిపోయిన యాంప్ బదులు కొత్తది వేయించాను: రెండు వేసవులు వాడాక నా మాట

ముందు తీర్పు చెప్పేస్తాను. పయొనీర్ జీఎం-డి8704, కారు స్టీరియో సౌండుని పెంచి స్పీకర్లకు పంపే నాలుగు ఛానెళ్ల క్లాస్-డి యాంప్లిఫయర్ (యాంప్). రెండు వేసవులు దాటాయి, ఒక్కసారి కూడా మొరాయించలేదు. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. అయితే కింద యాంప్ గురించి కంటే వైర్ల గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే పాతది కాలిపోయాక నాకు తెలిసొచ్చిందంతా అక్కడే ఉంది.

విజయనగరం నుంచి సాలూరు వెళ్తూ రామభద్రపురంలో టీకి ఆగాం, తిరిగొచ్చేసరికి బ్యాటరీ డౌన్. సాలూరు అంటేనే లారీలకు పేరు, ఆ రోడ్డు మీద సాయానికి కొదవ ఉండదు. ఒక లారీ ఆగింది, క్లీనర్ కుర్రాడు మంచి మనసుతోనే జంపర్ కేబుళ్లు తెచ్చి రెండు బ్యాటరీల చివర్లకు తగిలించేశాడు. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి, అంటే 24 వోల్టులు. మన కారు సిస్టమ్ 12, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా. కారు స్టార్టయింది, ఆ వెంటనే సీటు కింద నుంచి కాలిన వాసన. స్టీరియోకి ఫ్యూజు ఒక్కటే పోయింది, ఇంజిన్ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. యాంప్ మాత్రం పూర్తిగా పోయింది.

విజయనగరంలో ఎన్నో ఏళ్లుగా యాంప్‌లు బాగుచేస్తున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత విప్పగానే "ఏటి బాబూ, లారీ బ్యాటరీ పెట్టేసినారేటి?" అన్నాడు, నేనింకా ఏమీ చెప్పకముందే. లోపల పవర్ సప్లై దగ్గరి కెపాసిటర్లు 16 వోల్టులవి, పైభాగం ఉబ్బిపోయి ఉంది. పక్కనున్న మాస్‌ఫెట్లు (కరెంటుని ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) షార్టయి, వాటి కింద బోర్డు నల్లగా మాడిపోయింది. ఒక్క మాస్‌ఫెట్లే పోతే మార్చేవాణ్ణనీ, బోర్డు బొగ్గయ్యాక ఆ చోటే మళ్లీ కరెంటు పాకుతుందనీ చెప్పాడు. "డబ్బులు దండగ బాబూ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. బేరం వదులుకుని ఆ మాట చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. ఇన్సూరెన్స్ గురించి అడిగేవాళ్ల కోసం ఒక మాట: ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో మినహాయింపు. పైగా కంపెనీ నుంచి రాకుండా మనం విడిగా వేయించుకున్న ఆడియో సామాను విలువ పాలసీలో వేరుగా రాయించుకోవాలి.

పాతది క్లాస్-ఏబీ అనే పాత తరహా యాంప్. దాదాపు సగం కరెంటు వేడిగానే పోయేది, మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో కాసేపు గట్టిగా పెడితే తనను తాను కాపాడుకోవడానికి ప్రొటెక్ట్ లైటు వెలిగించి ఆగిపోయేది. క్లాస్-డి యాంప్‌లో ఆ వృథా చాలా తక్కువ. గజపతినగరం, బొబ్బిలి వైపు మధ్యాహ్నం పూట తిరిగినా చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. పాతదానికంటే చిన్నది, డ్రైవర్ పక్క సీటు కింద హాయిగా పట్టింది. పెట్టె మీద 1200 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు, ఏ బ్రాండయినా ఆ అంకె మ్యాగ్జిమమ్‌దే. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్: 4 ఓమ్‌ల స్పీకర్ల దగ్గర ఛానెల్‌కు 100 వాట్లు. ముందు డోర్ల స్పీకర్లకు రెండు ఛానెళ్లు ఇచ్చి, మిగిలిన రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, బేస్ కోసం పెట్టిన 10 అంగుళాల సబ్‌వూఫర్‌కి ఇచ్చాను.

ఇక వైర్లు. పాత ఫిట్టింగ్‌లో షాపువాళ్లు వేసిన పవర్ వైరు పైకి లావుగానే కనిపించేది, ఒక పోగు బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. అంతే లావున్న అసలు రాగి వైరు తీసుకెళ్లినంత కరెంటు అది తీసుకెళ్లలేదు, చివర్లు కూడా త్వరగా పాడవుతాయి. ఈసారి 4 గేజ్ రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజు వేయించాను. ఆ ఫ్యూజు యాంప్ కోసం కాదండీ, వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుని షార్టయితే కారు అంటుకోకుండా. చాలా కార్లలో ఇది ఉండనే ఉండదు, లేదంటే యాంప్ దగ్గర పెడతారు, అక్కడ ఉంటే లాభం లేదు.

ఎర్త్ వైరు ఇంకా ముఖ్యం. పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బోల్టు బిగించాలి, వైరు వీలైనంత పొట్టిగా ఉండాలి. మాకు భీమిలి, చింతపల్లి బీచ్‌లకు తరచూ వెళ్లే అలవాటు, ఉప్పు గాలికి ఆ బోల్టు తుప్పు పడుతుంది. నిరుడు వానల్లో బేస్ కొట్టినప్పుడల్లా సౌండ్ తగ్గిపోతుంటే యాంప్ మీదే అనుమానం వచ్చింది, చూస్తే ఎర్త్ దగ్గర తుప్పు. రుద్ది, బిగించి, పైన వాజిలైన్ రాస్తే మామూలైపోయింది. మొదట్లో యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లో కుయ్‌మని రొద కూడా వచ్చేది. ఫిట్టింగ్ చేసినవాళ్లు స్టీరియో నుంచి యాంప్‌కి సౌండ్ తెచ్చే ఆర్‌సీఏ వైరునీ పవర్ వైరునీ ఒకే పక్క లాగారు. రెండూ చెరో పక్కకి మార్పించాక పోయింది.

యాంప్ మీదుండే గెయిన్ (స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే మీట) అంటే వాల్యూమ్ కాదు, దయచేసి ఫుల్‌గా తిప్పించుకోకండి. నా ముందు స్పీకర్లు 60 వాట్లవి, 4 ఓమ్‌లవి, దానికి లెక్క (60ని 4తో గుణించి వర్గమూలం తీస్తే) 15.5 వోల్టులు. స్పీకర్ వైర్లు ఊడదీసి, ముందు స్పీకర్లకు బేస్ వెళ్లకుండా ఆపే ఫిల్టర్ ఆపేసి, స్టీరియోలో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటరు ఏసీలో అంత చూపించేదాకా తిప్పి ఆపేశాను. ఫిల్టర్ మళ్లీ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను.

సౌండ్ సంగతికొస్తే, మా ఊళ్లో పుట్టిన సుశీలమ్మ గొంతు దీంట్లో వినాలి. పై స్థాయికి వెళ్లినప్పుడు పాతదాంట్లో కాస్త కీచుమనేది, ఇందులో నిండుగా వస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత వయొలిన్ రికార్డింగుల్లో గరగర ఎలాగూ ఉంటుంది, దానికి యాంప్ తనదంటూ రొద కలపడం లేదు, కమాను కదలిక తెలుస్తుంది. నాకు అది చాలు. పెళ్లి ఊరేగింపులో కారు అద్దాలు వణకాలి అనుకునేవాళ్లకి మాత్రం ఇది సరిపోదు, వాళ్లు సబ్‌వూఫర్‌కి విడిగా మోనో యాంప్ చూసుకోవాలి.

ఇంకొకటి. ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూస్తామని ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు, చేయనివ్వకండి. ఆ క్షణంలో లైన్లో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి, లారీ బ్యాటరీ కంటే ఎక్కువ నష్టం చేయగలదు. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటరు బ్యాటరీ రెండు టెర్మినళ్లకీ పెడితే ఆల్టర్నేటర్ సంగతి అదే చెప్తుంది. ఇప్పుడు నా డిక్కీలో సొంత 12 వోల్టుల జంప్ స్టార్టర్ ఉంది, దాని ఛార్జింగ్ అప్పుడప్పుడూ చూసుకుంటున్నాను.