ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: ఇన్నేళ్ళు ఆడినాక నేను చెప్పేది ఒక్క గుట్ట గురించే

ఇది కంప్యూటర్లో ఊరు కట్టుకుని, సైన్యం పెంచుకుని ఎదుటోడితో యుద్ధం చేసే ఆట. గ్రాఫిక్స్ ఎట్లుంటాయి, ఎన్ని సివిలైజేషన్లు (మనం ఎంచుకునే జాతులు), ఎన్ని క్యాంపెయిన్లు (కథగా నడిచే యుద్ధాలు), ఇవన్నీ యాడ చూసినా దొరుకుతాయి కాబట్టి నేను వాటి జోలికి పోను. కాలేజీ రోజుల్లో హాస్టల్లో దీని పాత ఎక్స్‌పాన్షన్ కాంకరర్స్ ఆడినోణ్ణే, 2019లో ఆటని కొత్తగా చేసిన డెఫినిటివ్ ఎడిషన్ వచ్చినాక మళ్ళీ పట్టుకున్నా, అప్పట్నించి వదల్లేదు. ఎందుకు వదల్లేదంటే దాంట్లో ఉండే ఒక్క రూల్ కోసం. ఎత్తు మీద నిలబడినోడు కిందున్నోణ్ణి కొడితే దెబ్బ 25 శాతం ఎక్కువ తగుల్తుంది, కిందున్నోడు పైకి కొడితే 25 శాతం తక్కువ తగుల్తుంది. అంతే. ఆడేటప్పుడు స్క్రీన్ మీద దీన్ని గుర్తు చేసేది ఏమీ కనపడదు, శానామంది ఏండ్ల తరబడి ఆడతా కూడా దీన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ఆటంతా ఇదే.

మాది గుత్తి. ఊర్లో యాడ నిలబడి తల ఎత్తినా కోట కనపడతాది. చిన్నప్పుడు ఆదివారమొస్తే పైకి ఎక్కేవాళ్ళం, కొండ అంచున మురారి రావు గద్దె అని ఒక చిన్న మండపం ఉంటాది, ఒకప్పుడు గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు ఆయన, అక్కడ కూర్చోని చదరంగం ఆడేవాడని చెప్తారు. అక్కడ కూర్చుంటే కింద ఊరు, రైలు పట్టాలు, దూరంగా బస్సులు అన్నీ కనపడతాయి, ఎవడు ఏ దారిన వస్తాండాడో ముందే తెలిసిపోతాది. గుత్తే కాదు, మన రాయలసీమ మొత్తం అట్లనే కదా, పెనుకొండ, రాయదుర్గం, గండికోట, ఎక్కడ చూసినా కోట కట్టినోడు ముందు ఎత్తు వెతుక్కున్నాడు. అట్లాంటి చోట పెరిగినోడికి గుట్టకి విలువ ఇచ్చిన ఆట దొరికితే ఎట్లుంటాదో మీరే ఊహించుకోండి.

25 శాతం అంటే వినడానికి చిన్నదిగానే ఉంటాది. లెక్క చూడండి. అప్‌గ్రేడ్లు ఏమీ లేని పైక్‌మ్యాన్ (ఈటె పట్టిన కాలిబంటు) ఫ్రాంక్స్ అనే సివిలైజేషన్ నైట్‌ని (గుర్రపు సైనికుణ్ణి) సమతలం మీద ఒక దెబ్బ కొడితే 24 తగుల్తుంది, ఫ్రాంక్స్ నైట్ ప్రాణం 120, అంటే సరిగ్గా 5 దెబ్బలు కావాలి. అదే పైక్‌మ్యాన్ గుట్ట మీద ఉంటే దెబ్బ 30 అయితాది, 4 దెబ్బలకే పడిపోతాడు. ఇప్పుడు నైట్ వైపు నుంచి చూడండి, వాడి దెబ్బ 10, మనోడి ప్రాణం 55, కిందనైతే 6 దెబ్బల్లో మనోడు పోతాడు, గుట్ట మీదుంటే దెబ్బ ఏడున్నరకి పడిపోయి 8 దెబ్బలు కొట్టాల్సి వస్తాది. మనకి ఒక దెబ్బ తగ్గింది, వాడికి రెండు దెబ్బలు పెరిగినాయి, ఇది ఒక్కడికి. ముప్పై మంది ముప్పై మంది తలపడితే ఆ తేడా ఎంతవుతాదో చెప్పాల్సిన పని లేదు. నైట్‌కి 60 ఫుడ్డు 75 గోల్డు పెట్టాలి, పైక్‌మ్యాన్‌కి 35 ఫుడ్డు 25 వుడ్డు, గోల్డు అసలే వద్దు. ఈ గోల్డు మాట మళ్ళీ వస్తాది, గుర్తు పెట్టుకోండి.

మా మేనత్త కొడుకు బెంగుళూరులో పని చేస్తాడు, శనివారం రాత్రైతే ఇద్దరం ఆన్‌లైన్‌లో కలుస్తాం. బావకి గుర్రాలంటే పిచ్చి, ఏ మ్యాప్ అయినా ఫ్రాంక్సే తీసుకుంటాడు, తీసుకుని శానా సార్లు నన్ను గెలుస్తాడు కూడా, చెయ్యి నాకంటే స్పీడ్. ఒక శనివారం హిల్ ఫోర్ట్ మ్యాప్ పెట్టినాం. ఊరు గుట్ట మీదే మొదలవుతాది, చుట్టూ గోడ. నేను దక్షిణాది సివిలైజేషన్ ద్రవిడియన్స్ తీసుకున్నా. వాళ్ళకి నైట్లు లేరు, బావ అది చూసి "ఏమప్పా, గుర్రాలు లేకుండా నా మీదికి వస్తావా" అన్నాడు. "నేను రాను బావా, నువ్వే రావాల" అన్నా.

కాజిల్ ఏజ్‌లో (ఆటలోని నాలుగు దశల్లో మూడోది) వచ్చినాడు. గోడ ఒకచోట పగలగొట్టి నైట్ల మందని లోపలికి వదిలినాడు. నేను పైక్‌మెన్‌ని గోడ దగ్గర పెట్టలేదు, గోడ దాటి లోపలికొచ్చినాక ఏటవాలు ఎక్కడైతే ముగుస్తుందో ఆ అంచు మీద ఒక వరసగా పెట్టినా, వాళ్ళ వెనక బాణాలు వేసే క్రాస్‌బో వాళ్ళు. ఇంకో ముఖ్యమైన పని, అందరినీ స్టాండ్ గ్రౌండ్‌లో, అంటే ఉన్నచోటే నిలబడేట్టు పెట్టినా. ఇది పెట్టకపోతే మనోళ్ళు శత్రువు కనపడగానే కిందికి ఉరుకుతారు, కిందికి పోతే గుట్ట వల్ల వచ్చిన లాభమంతా పోయినట్టే. నైట్లు ఏటవాలు ఎక్కినారు, ఎక్కుతా ఎక్కుతానే సగం మంది క్రాస్‌బోలకి బాగా దెబ్బతిన్నారు, పైకొచ్చి పైక్‌ల వరస తగలగానే ఆగిపోయినారు. నేను మౌస్ ముట్టుకోలా. చూస్తా కూర్చున్నా. నా వరసలో అక్కడొకడు ఇక్కడొకడు పడినాడు కానీ వరస తెగలా, వాళ్ళ గుర్రాలు మాత్రం ఒకదాని మీదొకటి పడిపోయినాయి. హెడ్‌సెట్‌లో కొంచెం సేపు మాట లేదు. తర్వాత బావ "ఇదేందిరా, నీవి పైక్‌మెనే కదా" అన్నాడు. "పైక్‌మెనే బావా, కానీ గుట్ట మీదుండారు" అన్నా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకే ఆటలోనూ కలగలేదు, నిజంగా చెప్తాండా.

అయినా ఆయన వదిలే మనిషి కాదు. చివరి దశ ఇంపీరియల్ ఏజ్‌కి పోయి ట్రెబుచెట్లు (కోటల మీద రాళ్ళు విసిరే యంత్రాలు) తెచ్చినాడు. వాటి రేంజ్ 16, నా కాజిల్ బాణాలు అంత దూరం అందవు. ఇక్కడ కూడా గుట్టే కాపాడింది, ఎందుకంటే కింద నుంచి విసిరే రాయికి కూడా అదే పావు వంతు కోత, ఈ రూల్ భవనాలక్కూడా వర్తిస్తాది. విలేజర్లు (పనివాళ్ళు) రిపేర్ చేస్తా ఉంటే కాజిల్ నేను అనుకున్నదానికన్నా శానా సేపు నిలబడింది, ఆ టైంలో వూట్జ్ స్టీల్ రీసెర్చ్ అయిపోయింది. అది ద్రవిడియన్స్‌కి మాత్రమే ఉండే టెక్నాలజీ, మన పదాతి కత్తికి ఎదుటోడి కవచం అడ్డం రాదు. కత్తులోళ్ళని ఒకేసారి కిందికి దించినా. దిగేటప్పుడు కూడా వాళ్ళు పైనే ఉంటారు కదా, ఏటవాలు అయిపోయేదాకా దెబ్బ ఎక్కువే. ట్రెబుచెట్లు ఒక్కటి కూడా మిగల్లేదు. దిగిన కత్తులోళ్ళలో చివరికి వెనక్కొచ్చినోళ్ళు తక్కువే, సమతలం మీదికి పోయినాక నైట్లు చుట్టుముట్టినారు, అది వేరే విషయం. అప్పటికి బావ దగ్గర గోల్డు అయిపోయింది. కొంచెం సేపటికి జీజీ (గుడ్ గేమ్, అంటే ఓడిపోయినా అని) టైప్ చేసినాడు.

ఇప్పుడు ఇంత పొగిడినాక కొన్ని మాటలు కూడా చెప్పాల. ఆటలో ఎత్తు అంటే ఎత్తే, ఎంత ఎత్తు అనేది లెక్కలోకి రాదు. ఒక మెట్టు పైనున్నా 25 శాతమే, పెద్ద కొండ మీదున్నా 25 శాతమే. పొలంగట్టంత దిబ్బకీ కొండకీ ఒకటే విలువ ఇస్తే గుత్తి కోట ఎక్కినోడికి మనసొప్పదు. ఇంకా పెద్దది నీళ్ళు. కోటలు పడేది ఫిరంగులకే కాదు, దప్పికకి కూడా. 1776లో హైదర్ అలీ గుత్తిని ముట్టడించి కూర్చున్నప్పుడు జరిగింది అదే, పైన వాన నీళ్ళు పట్టుకునే గుంటలు, బావులు ఉన్నా అవి ఎన్నాళ్ళని వస్తాయి, నీళ్ళు అయిపోయినాక మురారి రావుకి లొంగిపోవడం తప్పలేదు. అంత పెద్ద కొండ ఎక్కి గెలవడం కష్టమైనదాన్ని నీళ్ళు గెలిచినాయి. ఈ ఆటలో కాజిల్లోకి 20 మందిని పంపి తలుపు వేసుకుంటే వాళ్ళు ఎన్నాళ్ళైనా ఉంటారు, పైగా లోపల గాయాలు మానుతాయి. తిండి అక్కరలేదు, నీళ్ళు అక్కరలేదు. వానలు లేక చెరువు ఎండిపోతే ఏమవుతాదో తెలిసినోళ్ళం మనం, మనకి ఇది లోటుగానే కనపడతాది.

బావతో ఆ మ్యాచ్ తర్వాత ఇంకా ఆలోచిస్తే ఒక సంగతి అర్థమైంది. ఆటలో నీళ్ళ స్థానంలో గోల్డు పెట్టినారేమో అనిపిస్తాది. ఒక్కో గోల్డు కుప్పలో 800 ఉంటాది, గోడ లోపలున్న కుప్పలు తవ్వేసినాక గుట్ట మీదున్నోడు ఎప్పటికైనా కిందికి దిగాల్సిందే, లేకపోతే గోల్డు లేని సైన్యంతోనే నెట్టుకురావాల. అందుకే పైక్‌మెన్, స్కర్మిషర్లు (బల్లేలు విసిరేవాళ్ళు) అంత ముఖ్యం, ఇద్దరికీ గోల్డు వద్దు. ద్రవిడియన్స్ స్కర్మిషర్లు మామూలు వాళ్ళకంటే 25 శాతం స్పీడ్‌గా విసురుతారు, బ్యారక్స్‌లో (కాలిబంట్లు తయారయ్యే చోట) అప్‌గ్రేడ్లు సగం ధరకే వస్తాయి, ఏజ్ మారిన ప్రతిసారీ 200 వుడ్డు ఊరికే వస్తాది, ఇవన్నీ కలిపితే గుట్ట పట్టుకుని కూర్చునేదానికి ఇంతకన్నా మంచి సివిలైజేషన్ నాకైతే కనపడలేదు. టాటార్లు, జార్జియన్లు అనే సివిలైజేషన్లకి గుట్ట మీద అదనంగా ఇంకా లాభం ఉందని తెలుసు, వాళ్ళతో కూడా ఆడినా, కానీ మనసు ఇటే లాగుతాది.

ద్రవిడియన్స్ 2022లో డైనస్టీస్ ఆఫ్ ఇండియా అనే ఎక్స్‌పాన్షన్‌తో వచ్చినారు, అప్పటిదాకా దేశమంతా కలిపి ఇండియన్స్ అని ఒక్కటే ఉండేది. దక్షిణానికి అంటూ ఒకటి రావడం నాకు శానా సంతోషం. వచ్చిన క్యాంపెయిన్ రాజేంద్ర చోళుడిది, బాగుంటాది, ఆడండి. కాకతీయులూ విజయనగరమూ కూడా ఆ ఒక్క పేరు కిందే సర్దుకోవాలనేది మాత్రం నాకు కొంచెం వెలితే, 1565 తర్వాత పెనుకొండ రాజధాని అయిన కథ ఒక్కటి చాలు ఒక మంచి క్యాంపెయిన్‌కి.

కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి వేరు, అది చూసుకుని మీరు తీసుకోండి. నేను ర్యాంక్డ్ (ఆన్‌లైన్‌లో ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు) తక్కువ ఆడతా. అక్కడ ఎక్కువగా అరేబియా మ్యాప్ నడుస్తాది, గుట్ట ఎవరి ఊరి పక్కన పడితే వాడికి లాభం, అది మన చేతిలో లేదు, ఒక్కోసారి ఎదుటోడి గుట్ట మన గోల్డు మీదికే చూస్తా ఉంటాది, అప్పుడు ఈ రూల్ మీద నాకున్న ప్రేమ కొంచెం తగ్గుతాది. పాత ల్యాప్‌టాప్‌లో కంప్యూటర్లతో ఎనిమిది మంది పెద్ద మ్యాప్ పెడితే చివర్లో నాకు నత్తనడక, ఇద్దరు ముగ్గురైతే ఏ ఇబ్బందీ లేదు. నేల మీద గళ్ళు కనపడేట్టు చేసే గ్రిడ్ ఒకటి ఉంటాది, అది కచ్చితంగా ఆన్ చేసుకోండి, గళ్ళు వంగినచోట ఏటవాలు ఉన్నట్టు, అది లేకుండా పచ్చగడ్డిలో ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. తోడుగా ఆడేదానికి ఒక మనిషి ఉండి, నెమ్మదిగా కోట కట్టుకునే ఓపిక ఉంటే తీసుకోండి, సేల్‌లో అయితే ఇంకా మంచిది, డైనస్టీస్ ఆఫ్ ఇండియా కూడా కలిపే తీసుకోండి. తొందరగా ఒక మ్యాచ్ అయిపోవాలనుకునేవాళ్ళకి నేను చెప్పినంత సంతోషం దొరుకుతాదని మాట ఇవ్వలేను.

బావ ఈ మధ్య ఫ్రాంక్స్ పక్కన పెట్టి జార్జియన్లని నేర్చుకుంటాండాడు, ఈసారి గుట్ట నాదంటాండాడు. ఆ మ్యాచ్ అయినాక దీని కింద ఇంకో ముక్క రాస్తా.