నూవో, ఎన్విడియా సొంత డ్రైవర్: లినక్స్‌లో ఏది ఎవరికి?

లినక్స్‌లో ఎన్విడియా కార్డు వాడేవారి ముందు రెండు దారులున్నాయి: కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉండే ఓపెన్ సోర్స్ డ్రైవర్ నూవో, ఎన్విడియా విడుదల చేసే సొంత డ్రైవర్.

నూవో 2010లో 2.6.33 వెర్షన్‌తో కెర్నల్‌లో చేరింది కనుక దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. అయితే జీటీఎక్స్ 900, 1000 శ్రేణుల కార్డులు ఎన్విడియా డిజిటల్ సంతకమున్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) లేనిదే వేగం పెంచనివ్వవు కాబట్టి, నూవోతో అవి మందకొడిగానే నడుస్తాయి. ట్యూరింగ్ (ఆర్‌టీఎక్స్ 20, జీటీఎక్స్ 16 శ్రేణులు), ఆపై తరాల కార్డులకు ఈ చిక్కు 6.7 కెర్నల్‌తో చాలావరకు తీరింది. బ్రౌజింగ్‌కూ, ఆఫీసు పనికీ నూవో చాలు.

ఆటలకు సొంత డ్రైవరే మేలు. క్యూడా (కార్డుపై లెక్కలు నడిపే ఎన్విడియా వేదిక) కావాలంటే అది తప్పనిసరి. దీని మాడ్యూల్‌ను (కెర్నల్‌లోకి లోడ్ అయ్యే డ్రైవర్ భాగాన్ని) డీకేఎంఎస్ అనే సాధనంతో కంపైల్ చేసే పక్షంలో, కెర్నల్ మారిన ప్రతిసారీ అది మళ్లీ తయారు కావాలి. పైగా సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని కోడ్‌ను లోడ్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే వచ్చే నీలి తెరపై పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’ (మాడ్యూల్ సంతకపు కీని నమోదు చేయడం) ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఆ తెర దాటిపోతే మాడ్యూల్ లోడ్ కాదు, ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ ఆదేశం కార్డు వివరాలకు బదులు ఎర్రర్ చూపిస్తుంది. అప్పుడు డ్రైవర్‌ను తీసేయనక్కరలేదు, ‘మోక్‌యుటిల్’ ఆదేశంతో ఆ కీని మళ్లీ నమోదుకు పెట్టి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.